ఆదోనినుండి షికాగోకు దూరమెంత? కాలమెంత?



మన పశ్చిమ కర్నూలు సీమలో బాటసారి యెవడైన “ఎమ్మిగనూరెంత దూర”మని యడిగినచో, “ఇప్పుడు బయలుదేరినచో పొద్దువాలునప్పటికి చేరుదువు” అని చెప్పుట పూర్వము పెద్దల వాడుక. దూరమడిగినవానికి కాలము చెప్పుట యెవరికిని తప్పుగా తోచలేదు. ఏలయన, ఎద్దులకు నడక యొక్కటే, బండికి బాట యొక్కటే. ఆమడ యనగా ఇంచుమించు ఎనిమిది మైళ్ళు. ఆదోని యెమ్మిగనూరుల నడుమ ముప్పది కిలోమీటర్లు, అనగా రెండామడల పైచిలుకు. పోవునప్పుడైనను వచ్చునప్పుడైనను ఆ రెండామడలు రెండామడలే. వానకాలమున నల్లరేగడిలో చక్రము దిగబడినప్పటి మాట వేఱు.

1871లో మదరాసునుండి వచ్చిన రైలుమార్గము రాయచూరువద్ద బొంబాయి మార్గముతో కలిసెను. ఆదోని ఆ మార్గముననే యున్నది. మెయిలుబండికొక కాలము, పాసెంజరుబండికొక కాలము వచ్చెను. అయినను పట్టాలు మాత్రము ఒక్కటే గనుక దూరము మాఱలేదు.

విమానము వచ్చిన పిమ్మట ఈ రెండు కొలతలకును నడుమనున్న ముడి పూర్తిగ విడిపోయినది. “అమెరికా యెంతదూరము?” అని యిప్పుడు మనయూళ్ళలో నెవరినడిగినను “పదునాఱు గంటలు” అని యెద్దులబండి నాటి యలవాటు చొప్పున జవాబు చెప్పుదురు. ఆ జవాబు అబద్ధము కాదు. కాని దానిని నమ్మి ముహూర్తము పెట్టుకొన్నవాడు చెడిపోవును. ఆకాశమున ఆ రెండు విమానాశ్రయములకే పోవుటకొక కాలము, వచ్చుటకొక కాలము. నేడొక మార్గము, రేపొక మార్గము. గోడమీది పటములో నొక దూరము, గోళముమీద నొక దూరము.

ఈ విచారము పండితుల కాలక్షేపము కొఱకు కాదు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘమును స్థాపించినప్పుడు మగ్గపుగుంటలో కూర్చుండి పలకలు త్రొక్కినవారి మనుమలు నేడు షికాగోలోను డల్లాసులోను ఉద్యోగములు చేయుచున్నారు. ఆదోని ప్రత్తి అడితీదారుల బిడ్డలును అట్లే. ఇక్కడ తల్లిదండ్రులు వృద్ధులైరి. కొన్ని సంవత్సరముల క్రిందట నేనెఱిగిన యొక కుటుంబములో తండ్రి పోయెను. కుమారుడు షికాగోలో నుండెను. “విమానము పదునాఱు గంటలలో వచ్చు”నని యెవరో చెప్పగా, బంధువులు మఱునాటి సాయంకాలము దహనమని నిశ్చయించిరి. సాయంకాలమయ్యెను, చీకటి పడెను, కుమారుడు రాలేదు. తమ్ముని కొడుకు నిప్పు పెట్టెను. కుమారుడు ఎమ్మిగనూరు చేరినది ఆ మఱునాటి ప్రొద్దుట పదిగంటల తరువాత. ఎవరు తప్పు చెప్పిరి? ఎవరును చెప్పలేదు. ఆ పదునాఱు గంటలలో ఏమేమి లెక్కకు వచ్చినది, ఏమేమి రాలేదు అన్నది మాత్రము ఎవరును విచారింపలేదు. ఆ విచారమే నేటి నా ప్రసంగము.

మొదట దూరమును గుఱించి చెప్పుదును. పాఠశాలగోడకు వ్రేలాడు ప్రపంచపటముమీద హైదరాబాదునుండి షికాగోకు బద్దపెట్టి గీత గీసినచో, ఆ గీత ఇంచుమించుగ పడమరకే పోవును. అరేబియాను, ఈజిప్టును, సహారా యెడారిని దాటి, అట్లాంటికు సముద్రముమీదుగ అమెరికా చేరును. ఆ గీతవెంట పోయినచో దూరము 16,100 కిలోమీటర్లగును. అట్టి పటమును 1569లో మెర్కేటరు అను నాతడు నావికుల నిమిత్తము రచించెను. ఓడ నడుపువాడు దిక్సూచిని ఒకే దిక్కున నిలిపి పోవుటకది మిక్కిలి యనుకూలము. దూరము కొలుచుటకు మాత్రము పనికిరాదు.

దూరము కొలువవలెనన్న గోళము కావలెను. ఇంట గోళము లేనివారు మంచి గుండ్రని గుమ్మడికాయను తీసికొనుడు. ఎమ్మిగనూరువారికి నూలుపోగునకు కొదువ లేదు. గోళముమీద హైదరాబాదున నొక కొస, షికాగోన నొక కొస పట్టి పోగును బిగియ లాగినచో, అది యెడారులవైపు పోనే పోదు. నేరుగ ఉత్తరమునకు జరుగును. పంజాబు, మధ్య ఆసియా దేశములు, ఊరలు పర్వతములు, బేరెంట్సు సముద్రము, గ్రీన్‌లాండు మంచుభూమి, కెనడాలోని హడ్సను అఖాతము — ఇవి దాటి షికాగోకు ఉత్తరమునుండి దిగును. బిగిసిన పోగు ఎప్పుడును తక్కువ దూరమునే పట్టుకొనును. దీనినే గోళశాస్త్రమున మహావృత్తచాప మందురు. ఆ దూరము ఇంచుమించు 13,280 కిలోమీటర్లు. గోడపటపు గీతకంటె 2,800 కిలోమీటర్లు తక్కువ. ఆ వ్యత్యాసము విమానమునకు మూడుగంటల ప్రయాణము.

గణితము తెలిసినవారికి ఒక్కమాట. రెండూళ్ళ అక్షాంశముల భుజజ్యలను గుణించి యొకచోట నుంచుడు. వాని కోటిజ్యలను గుణించి, దానిని రేఖాంశముల యంతరపు కోటిజ్యతో మరల గుణించి, మొదటిదానికి కలుపుడు. వచ్చినది యా రెండూళ్ళ నడిమి కోణమునకు కోటిజ్య. హైదరాబాదు షికాగోల కది 119 అంశల చిల్లర. అంశ యొక్కటికి 111 కిలోమీటర్ల చిల్లర చొప్పున గుణించినచో దూరము తేలును. వ్యాసార్ధము ఒకటిగా నెంచిన జ్యలతోనే యీ లెక్క; పూర్వగ్రంథములలోని 3438 త్రిజ్య వాడువారు గుణించిన ప్రతిసారియు త్రిజ్యచే భాగింప మఱువరాదు.

పోగు ఉత్తరమునకేల జరిగినది? సూర్యసిద్ధాంతము చదివినవారికి స్ఫుటపరిధి యను మాట క్రొత్త కాదు. భూమధ్యరేఖవద్ద భూపరిధి పూర్తిగ నుండును. ఉత్తరమునకు పోయినకొలది లంబజ్యానుపాతమున అది క్షీణించును. మేరువువద్ద శూన్యమగును. కావున తూర్పుపడమరలుగ మిక్కిలి దూరముననున్న యూరికి పోవలసినవాడు, వెడల్పైనచోట భూమిని చుట్టివచ్చుటకంటె, ఉత్తరమునకెక్కి సన్ననిచోట దాటి దిగుట లాభము. మన సిద్ధాంతకారులు మేరువని చెప్పినది భూగోళమున ఉత్తరధ్రువమే. దేవతలకు ఆఱుమాసములు పగలు, ఆఱుమాసములు రాత్రి యనుట ధ్రువమున సూర్యుడు కనబడు తీరునకు సరిపోవును. నేను చెప్పిన పోగు గ్రీన్‌లాండు తూర్పున ధ్రువమునకు 1,240 కిలోమీటర్ల దగ్గఱగా పోవును. పుష్యమాసమున ఆ మార్గమున పోవువాడు దేవతల రాత్రిలో కొన్ని గంటలు ప్రయాణము చేసినవాడగును. పూర్వులకు లెక్కలో మాత్రమే తెలిసిన చోటిది. నేడు మన ఊరి ముసలమ్మ అచట కునుకుతీయుచు దాటిపోవుచున్నది.

ఈ మార్గమున నిజముగనే విమానము నడచినది. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియావారు హైదరాబాదునుండి షికాగోకు ఎచటను దిగని విమానమును వారమునకొకమాఱు చొప్పున ప్రారంభించిరి. అది యెక్కువకాలము నడువలేదు. మనవారు తఱచుగ దుబాయి మీదుగనో, దోహా మీదుగనో, ఐరోపా మీదుగనో పోవలసియున్నది. మార్గమధ్యమున దిగుటచేత దూరము మిక్కిలి పెరుగునని సామాన్యులు భావింతురు. లెక్క చూచిన నట్లు కాదు. హైదరాబాదునుండి దుబాయికి 2,550, దుబాయినుండి షికాగోకు 11,640 — మొత్తము 14,190 కిలోమీటర్లు. తిన్నని మార్గముకంటె 900 కిలోమీటర్లే యధికము. అనగా ఒక గంట. అసలు నష్టము దుబాయిలో మఱియొక విమానము కొఱకు కూర్చుండు గంటలలో నున్నది. టిక్కెట్టు కొనువారు దూరముకంటె ఈ నిరీక్షణకాలమును ముందు చూడవలెను.

దూరము తేలినది. దానిని వేగముచే భాగించినచో కాలము వచ్చునని ఐదవతరగతి బాలుడును చెప్పును. పెద్ద విమానము గాలిలో గంటకు ఇంచుమించు 900 కిలోమీటర్లు పోవును. “గాలిలో” అను మాటను గమనింపుడు. ఆ గాలి నిలిచియుండదు. భూమికి తొమ్మిది మొదలు పన్నెండు కిలోమీటర్ల యెత్తున, మధ్య అక్షాంశములలో, పడమరనుండి తూర్పునకు వాయునదులు ప్రవహించుచుండును. వీనినే పాశ్చాత్యులు జెట్ స్ట్రీములందురు. గంటకు నూటయేబది, రెండువందల కిలోమీటర్ల వేగము వానికి సామాన్యము. వీనిని మొదట శ్రద్ధగా కొలిచినవారిలో ఊయిషి వాసబురో యను జపానుదేశపు వాతావరణ శాస్త్రజ్ఞుడొకడు. ఆయన 1926లో తన ఫలితములను ఎస్పెరాంటో అను కల్పితభాషలో ప్రకటించెను. లోకమంతయు చదువవలెనని ఆ భాషలో వ్రాయగా, లోకములో నెవరును చదువలేదు! భాషావిషయమున పట్టుదల గల మాబోటివారు గుర్తుంచుకొనదగిన సంగతి.

ఈ గాలివలన పడమరకు పోవుటకు కాలమెక్కువ, తూర్పునకు వచ్చుటకు తక్కువ. పడవ ప్రవాహము లెక్కలు చేసినవారికిది సులభము. 12,000 కిలోమీటర్ల దూరము, గంటకు 900 వేగము, 100 గాలి యనుకొనుడు. ఎదురుగాలిలో వేగము 800, కాలము 15 గంటలు. వెంటగాలిలో వేగము 1,000, కాలము 12 గంటలు. రానుపోను 27 గంటలు. గాలి లేనేలేనిచో 26 గంటల 40 నిమిషములు. పోవునప్పటి నష్టము వచ్చునప్పటి లాభముతో సరిపోవునని చాలమంది తలంతురు గాని, సరిపోదు. ఇరువది నిమిషములు గాలికే చెల్లును. ఏలయన ఎదురుగాలిలో మనము ఎక్కువసేపుందుము, వెంటగాలిలో తక్కువసేపుందుము. 2020 ఫిబ్రవరిలో ఒక తుపానుగాలి వెన్నుతట్టగా, బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానమొకటి న్యూయార్కునుండి లండనుకు 4 గంటల 56 నిమిషములలో చేరెను. సామాన్యముగ దానికి ఆఱుగంటలకు మించి పట్టును.

గాలి కొఱకు విమానచోదకులు బుద్ధిపూర్వకముగ దూరమును పెంచుకొనుటయు కలదు. మనకు తెలిసిన మంచి దృష్టాంతమొకటి యున్నది. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి 11న బెంగుళూరు చేరిన ఎయిర్ ఇండియా విమానమును కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వమున మహిళలే నడిపిరి. ఆ రెండూళ్ళకు పోగు పట్టినచో దూరము 13,990 కిలోమీటర్లు. వారు ఉత్తరధ్రువము మీదుగ రాగా ఇంచుమించు 16,000 అయినదని ఆనాటి పత్రికలు వ్రాసినవి. తక్కువదూరపు మార్గము పసిఫికు సముద్రపు ప్రక్కగా పోవును. పడమరకు వచ్చువానికి అచట ఎదురుగాలి. ధ్రువప్రాంతమున సామాన్యముగ గాలులు మందములు. దూరమైన దారి దగ్గఱదారియగుట బండిబాటలలో నెన్నడైన విన్నామా?

గాలికంటె బలమైనది మఱియొకటి కలదు. అది రాజకీయము. ఆకాశమునకు గోడలు లేవని కవులు వ్రాయుదురు గాని, ఏ దేశముపైనున్న ఆకాశము ఆ దేశమునదే. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిను యుద్ధము మొదలైన పిమ్మట రష్యావారు ఐరోపా అమెరికా దేశముల విమానములకు తమ యాకాశమును మూసిరి. హెల్సింకీనుండి టోకియోకు తొమ్మిదిన్నర గంటలలో పోవు ఫిన్‌లాండువారి విమానము పదుమూడు గంటలు తిరిగి పోవలసివచ్చెను. 2025 ఏప్రిల్ 24న పాకిస్తానమువారు భారతీయ విమానములకు తమ యాకాశమును మూసినపుడు, ఢిల్లీనుండి అమెరికా పోవు ఎయిర్ ఇండియా విమానములు చుట్టుతిరిగి పోవుచు, కొన్ని వియన్నాలోను కోపెన్‌హేగెనులోను నూనె పోసికొనుటకు దిగవలసివచ్చెను. గోళము మాఱలేదు, నూలుపోగు మాఱలేదు, ప్రయాణము మాత్రము గంటలకొలది పెరిగెను. కావున పోయిన సంవత్సరము మా యల్లుడు ఇన్నిగంటలలో వచ్చెననుట ఈ సంవత్సరమునకు ప్రమాణము కాదు.

ఇక గడియారముల సంగతి. ఎక్కువమంది మోసపోవునది యిచటనే. మన సిద్ధాంతకారులు లంకనుండి అవంతిమీదుగ మేరువునకు పోవు రేఖను మధ్యరేఖగా నెంచిరి. దానికి తూర్పుననున్నవారికి సూర్యోదయము ముందు, పడమరనున్నవారికి వెనుక. ఆ భేదమునకు దేశాంతరమని పేరు. అంశ యొక్కటికి పది విఘడియలు, అనగా నాలుగు నిమిషములు. ఆదోని ఉజ్జయినికి ఒకటిన్నర అంశ తూర్పు. కావున మనకు సూర్యుడు పదునైదు విఘడియలు, అనగా ఆఱునిమిషములు ముందు. నేటి భారతదేశపు గడియారము మాత్రము 82½ అంశల రేఖననుసరించునది గనుక, ఆదోనిలో నడినెత్తికి సూర్యుడు వచ్చుసరికి గడియారమున సగటున పండ్రెండు దాటి ఇరువదియొక్క నిమిషమగును.

ఆ గ్రంథములలోనే భూమధ్యరేఖపై నాలుగు పట్టణములు చెప్పబడినవి. లంకకు తొంబది యంశల తూర్పున యమకోటి, పడమర రోమకము, సరిగా క్రిందివైపున సిద్ధపురము. లంకలో సూర్యోదయమగునప్పుడు యమకోటిలో మధ్యాహ్నము, సిద్ధపురములో అస్తమయము, రోమకములో అర్ధరాత్రము. సిద్ధపురపు రేఖను నేటి పటముపై గీచినచో అది అమెరికాలో డెన్వరు నగరమునకు అతిసమీపమున పోవును. మనవారి బిడ్డలందఱును సిద్ధపురపు రేఖకు ఇరుప్రక్కల కాపురములు పెట్టినారన్నమాట. షికాగో ఆదోనికి 165 అంశల పడమర. సూర్యుని లెక్కచొప్పున పదకొండుగంటల భేదము. వారి ప్రభుత్వము ఎండకాలమున గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పును గనుక, గడియారము లెక్కచొప్పున చలికాలమున పదకొండున్నర, ఎండకాలమున పదిన్నర.

ఈ భేదము తెలియక, బయలుదేరిన యూరి గడియారమును చేరిన యూరి గడియారమును తీసివేత చేసి “ఇన్ని గంటల ప్రయాణ”మని చెప్పుట మనలో మెండు. చలికాలమున సోమవారము రాత్రి ఎనిమిదింటికి షికాగోలో బయలుదేరి, బుధవారము వేకువను హైదరాబాదున దిగినవాడు రెండురాత్రులు ప్రయాణము చేసినట్లు కనబడును. నిజమునకు అతడు చేసినది ఇరువదిగంటల ప్రయాణము. అటు పోవునప్పుడు తద్విరుద్ధముగ, ఉదయము బయలుదేరినవాడు ఆనాడే చీకటి పడక ముందే దిగి, ప్రయాణమేమియు లేనట్లు భ్రమపడును. మొదట రెండు కాలములను మన గడియారములోనికి మార్చి, పిమ్మట తీసివేయవలెను.

ఆఖరున భూమిమీది ప్రయాణము. దీనినెవరును లెక్కింపరు, మన ప్రాంతమువారికి నిజమైన దూరమిదియే. ఆదోనినుండి హైదరాబాదు విమానాశ్రయమగు శంషాబాదు, పోగు పట్టి కొలిచినచో 217 కిలోమీటర్లే. బాటవెంట 250కి మించును. అయిదారు గంటలు పట్టును. అదే శంషాబాదునుండి 2,550 కిలోమీటర్ల దుబాయికి నాలుగు గంటలు చాలును. ఆదోనినుండి మక్కాయాత్రకు పోవు హాజీలకు జిద్దా 4,135 కిలోమీటర్లు. విమానమున ఐదుగంటల పైచిలుకు. వారు శంషాబాదు చేరుటకు పట్టిన కాలమును అంతే! విమానమెక్కుటకు మూడుగంటలు ముందుండవలెనను నియమము దీనికి తోడు.

కర్నూలు దగ్గఱ ఓర్వకల్లులో విమానాశ్రయమున్నది గదా యని మీరడుగవచ్చును. 2021 మార్చి 25న అది ప్రారంభమైనది. 1847లో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరు దానికి పెట్టిరి. ఆదోనినుండి పోగు కొలతకు 96 కిలోమీటర్లు. అచటినుండి బెంగుళూరు, చెన్నై, విశాఖపట్టణములకు మార్చి 28న విమానములు మొదలైనవి. విశాఖపట్టణము అచటినుండి 585 కిలోమీటర్లు. రాత్రంతయు రైలులో కూర్చుండువానికి అది వరమే. కాని అచటి దారి రెండు కిలోమీటర్ల పొడవు గలది. చిన్నవిమానములకు చాలును గాని అమెరికా పోవు మహావిమానము అచట దిగనేరదు. పైగా వరుసలు మాఱుచుండును. ఏ దినమున ఏ యూరికి కలదో ముందుగ విచారించుకొనవలెను. అమెరికానుండి వచ్చువాడు బెంగుళూరులో దిగి ఓర్వకల్లు విమానము కొఱకు వేచియుండుటకంటె, బెంగుళూరునుండియో శంషాబాదునుండియో కారెక్కి వచ్చుట తఱచుగ శీఘ్రము.

ఇప్పుడు మొదట చెప్పిన దుఃఖపు లెక్కను మరల వేయుదము. చలికాలము. సోమవారము ఉదయము ఎనిమిదింటికి షికాగోలో కుమారునికి వార్త తెలిసినది. మనకప్పుడు సోమవారము రాత్రి ఏడున్నర. సెలవు చెప్పి, టిక్కెట్టు కొని, సామాను సర్ది, విమానాశ్రయము చేరి, ఆ రాత్రి ఎనిమిదింటికి బయలుదేరెను. మనకు మంగళవారము ఉదయము ఏడున్నర. అప్పుడే పండ్రెండు గంటలు గడచినవి. ఇంకను అతడు భూమిని విడువనేలేదు. వెంటగాలి సహాయమున దుబాయికి పదుమూడు గంటలు. మంగళవారము రాత్రి ఎనిమిదిన్నర. అచట నాలుగుగంటలు నిరీక్షణము, పండ్రెండున్నర. హైదరాబాదుకు మూడుంబావు గంటలు. బుధవారము వేకువ మూడుముప్పావు. పాసుపోర్టు చూపి, పెట్టె తీసికొని వెలుపలికి వచ్చుసరికి నాలుగుముప్పావు. బాటమీద అయిదున్నర గంటలు. ఎమ్మిగనూరు చేరునది బుధవారము పదింబావునకు.

వార్త తెలిసినది మొదలు ముప్పదియెనిమిది గంటల ముప్పావు. అందులో ఆకాశమున నున్నది పదుమూడును మూడుంబావును, వెరసి పదునాఱుంబావు. “పదునాఱు గంటల”ని చెప్పినవాడు అక్షరాల నిజమే చెప్పెను. తక్కిన ఇరువదిరెండున్నర గంటలు భూమిమీద గడచినవి. ఆ కుటుంబమువారు ఇంకొక్క రాత్రి శీతలపేటికను ఉంచుకొనియుండినచో కుమారుడు తండ్రిముఖము చూచియుండెడివాడు.

కావున ఇంటిలో పెద్దలు రోగముతోనున్నవారు, వార్త పంపవలసినదినము రాకముందే బిడ్డలను నాలుగు ప్రశ్నలడిగి వ్రాసిపెట్టుకొనుట మంచిది. నీయింటినుండి విమానాశ్రయమునకెంతసేపు? ఆ యూరినుండి దినమునకెన్ని విమానములు, ఏవేళలందు? నడుమ నెక్కడ ఎంతసేపు నిలువవలెను? నీ పాసుపోర్టు, తిరిగి పోవుటకు వలయు వీసా సరిగానున్నవా? ఈ కడపటిదానిని అడుగుటకు చాలమంది సంకోచింతురు. వీసా చిక్కువలన వచ్చుటకు వీలులేని బిడ్డలున్నారు. వారు ఆ సంగతిని తల్లిదండ్రులకు చెప్పరు. ముందే తెలిసినచో ఇక్కడివారు వృథాగా ఎదురుచూడరు, అక్కడివాడు నిందపడడు. కఠినమైన ప్రశ్నయే యైనను అడుగవలసినదే యని నా యభిప్రాయము.

సంవత్సరీకము వచ్చినపుడు మరల ఇట్టి చిక్కే కలుగును గనుక అదియు చెప్పి విరమింతును. తిథి యనునది సూర్యచంద్రుల నడిమి దూరము. అది లోకమున కంతటికి ఒకే క్షణమున ముగియును. మన పంచాంగములో మంగళవారము ఉదయము ఎనిమిదింటికి ముగియు తిథి, చలికాలమున షికాగోలో సోమవారము రాత్రి ఎనిమిదిన్నరకే ముగిసిపోవును. అచట మంగళవారము సూర్యుడుదయించునప్పటికి ఆ తిథి లేదు. కర్నూలులో అచ్చైన పంచాంగమును చూచి మంగళవారమని వారికి ఫోనులో చెప్పుట పొరపాటు. మన పంచాంగములోని ముగింపు కాలమునుండి పదకొండున్నర గంటలు, ఎండకాలమైనచో పదిన్నర గంటలు తీసివేసి, అచటి ఉదయాస్తమయములతో సరిచూచి దినమును నిర్ణయింపవలెను. అట్లు గణించిన పంచాంగములు ఇప్పుడు అమెరికాలోని దేవాలయములలో దొరకుచున్నవి. వానిని తెప్పించుకొని చూచుకొండని మీ బిడ్డలతో చెప్పుడు.

సెలవు.